రెండడుగుల తొట్టి, మూడు లైట్లు

తొట్టి మాకు ఊరికే వచ్చింది. కిందటేడు జూన్‌లో మా అన్నకు కర్నూలు బదిలీ అయింది. సామాను ఎత్తే వాళ్ళు గాజు తొట్టిని చూసి "ఇది పగిలితే మా పూచీ లేదు సార్" అన్నారట. అన్న దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి తెచ్చి, హాల్లో కిటికీ పక్కన దించి, "పాప చూసుకుంటుందిలేమ్మా, ఉంచు" అని టీ తాగి వెళ్ళిపోయాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 54 లీటర్లు. తొట్టికి పైసా పెట్టలేదు కానీ దాని మీద వెలిగే లైటుకు ఐదు నెలల్లో మూడుసార్లు డబ్బు పెట్టాను. ఆ మూడింట్లో అన్నిటికంటే చవకది ఇప్పుడు వెలుగుతోంది.

నేను ఒక ట్రావెల్స్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. మొక్కలంటే నాకు తెలిసిందల్లా మిద్దె మీద కుండీల్లో ఉన్న తులసి, కరివేపాకు, రెండు మల్లె చెట్లు. అన్న తొట్టిలో ప్లాస్టిక్ మొక్కలు ఉండేవి. గులాబీ రంగువి రెండు, ఏ రంగో చెప్పలేనివి మూడు. వాటి మీద జిగురుగా పాకుడు పట్టి, కడిగినప్పుడల్లా టూత్‌బ్రష్‌తో తోమాల్సి వచ్చేది. ఎటూ పని తప్పనప్పుడు నిజం మొక్కలే పెట్టుకుందామని మా పాప, నేను అనుకున్నాం.

మూతలో ఒక లైటు ఉండేది. నీలం కలిసిన తెలుపు, ఆరు వాట్లు. దాని సంగతి ఆలోచించకుండానే ఊళ్ళో ఒక చేపల షాపుకు పోయాం. అతను నీళ్ళ టబ్బులోంచి నాలుగు రకాలు తీసి కవర్లో వేశాడు. రెండు క్రిప్టోకోరైన్‌లు, ఒక అమెజాన్ స్వార్డ్, గుప్పెడు వాటర్ విస్టీరియా కొమ్మలు, ఎర్రగా నిగనిగలాడే లుడ్విజియా ఒక కట్ట. ఆ ఎరుపు చూసే లుడ్విజియా తీసుకున్నాను. చీరల షాపులో చేసే పొరపాటే ఇక్కడా చేశాను, షాపు లైట్ల కింద రంగు చూసి కొనడం.

పదో రోజుకల్లా క్రిప్టోకోరైన్ ఆకులు ఉడికించిన తోటకూరలా మెత్తబడ్డాయి. వేలితో తాకితే ఊడి చేతికొచ్చాయి. లుడ్విజియా కింది ఆకులు రాలిపోయి, పై ఆకులు ఎరుపు వదిలి పాలిపోయిన పచ్చకు తిరిగాయి. ఫొటో తీసుకుపోయి షాపతనికి చూపించాను. ఒక్క చూపు చూసి "లైటు చాలదు మేడం" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే బల్ల మీదికి ఒక డబ్బా వచ్చింది. మొక్కల కోసమే చేసిన లైటట, 1,400 రూపాయలు.

రాత్రి ఏడింటికి బిగించి స్విచ్ వేశాం. హాలు గోడలన్నీ వంగపండు రంగుకు మారాయి. మా ఆయన టీవీ ముందు నుంచి లేచొచ్చి, "ఇదేంది, రిసెప్షన్ స్టేజీ మాదిరి ఉంది. ఫొటోగ్రాఫర్ యాడ?" అన్నారు. అత్తయ్యకు అసలు నచ్చలేదు. సాయంత్రం దీపం పెట్టే ఇంట్లో ఈ రంగేందని మూతి ముడుచుకున్నారు. అవన్నీ ఓర్చుకున్నాను కానీ, ఆకులు నల్లగా కనబడటం నాకే మింగుడు పడలేదు. పచ్చదనం కోసం మొక్కలు పెట్టి, బొగ్గు ముక్కల్లాంటి ఆకులను చూస్తూ కూర్చోవాలి.

ఎందుకలా కనబడుతుందో తరువాత అర్థమైంది. ఆకుల్లోని పత్రహరితం ఎక్కువగా పీల్చుకునేది నీలం, ఎరుపు వెలుతురును. అందుకని ఆ రెండు రంగుల బల్బులే పేర్చి ఈ లైట్లు చేస్తారు. వాటి కింద మొక్క పెరగదని కాదు, పెరుగుతుంది. కానీ ఆకు మన కంటికి పచ్చగా కనబడాలంటే దాని మీద పచ్చ వెలుతురు పడి తిరిగి రావాలి. పడనిదే రాదు కదా. పైగా ఆకు పచ్చ వెలుతురును పూర్తిగా వదిలేయదు, కొంత వాడుకుంటుంది కూడా. మొక్కలను అమ్ముకునే నర్సరీకి ఆ వంగపండు రంగు సరిపోతుందేమో. హాల్లో కూర్చుని చూసే వాళ్ళకు తెల్ల లైటే సరి.

ఇంకొక సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది. క్రిప్టోకోరైన్ కుళ్ళింది లైటు చాలక కాదు. ఈ మొక్కలను చాలా నర్సరీల్లో నీళ్ళ పైన, తేమ గాలిలో పెంచుతారు. నీళ్ళలో ముంచగానే గాలిలో పెరిగిన ఆకులు కరిగిపోతాయి. వేరు బతికే ఉంటుంది, కొన్ని వారాల్లో నీటికి తగిన ఆకులు వేస్తుంది. నేను ఒకదాన్ని పీకి చెత్తబుట్టలో వేశాను. రెండోదాన్ని బద్ధకం కొద్దీ వదిలేశాను. మూడు వారాలకు ఆ రెండోది ఇసుకలోంచి సూదిమొనంత ఆకు తీసింది. బద్ధకం వల్ల బతికిన మొక్క అని మా పాప దానికి ఇప్పటికీ గౌరవం ఇస్తుంది.

వంగపండు లైటు విప్పేశాక ఈసారి షాపువాళ్ళను నమ్మకుండా లెక్క కట్టి కొనాలనుకున్నాను. లెక్కలే కదా నా పని. ఫోన్లో వీడియోలు చూస్తే ఒక సూత్రం పదేపదే వినబడింది, గ్యాలన్ నీటికి రెండు నుంచి మూడు వాట్లు అని. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. 54ను దానితో భాగిస్తే 14 చిల్లర. అంటే 28 నుంచి 43 వాట్లు. కాస్త మిగులు ఉంటే మంచిదే అని గాంధీ రోడ్డులో ఒక ఎలక్ట్రికల్ షాపులో 50 వాట్ల ఎల్ఈడీ ఫోకస్ లైటు తీసుకున్నాను. 750 రూపాయలు. "ఇంటి ముందరికా, మిద్దె మీదికా అక్కా?" అని అడిగాడు షాపు అబ్బాయి. చేపల తొట్టికని చెబితే ఒక క్షణం నా ముఖంలోకి చూసి, బిల్లు రాశాడు.

నా భాగహారంలో తప్పు లేదు, సూత్రమే పాతది. అది పాత ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. ఆ ట్యూబు వెలుతురు చుట్టూ చిమ్ముతుంది, సగం పైకి, పక్కలకు పోతుంది. ఎల్ఈడీ అదే వాట్లకు ఎక్కువ వెలుతురిస్తుంది, ఇచ్చిందంతా దాదాపు కిందికే కొడుతుంది. వాట్లు చెప్పేది అది తాగే కరెంటును, ఇచ్చే వెలుతురును కాదు. వెలుతురు ఎంతో డబ్బా మీద ల్యూమెన్లలో రాసే ఉంటుంది. నా ఫోకస్ లైటు డబ్బా మీద 5000 అని ఉంది. ధర చూశాను, వాట్లు చూశాను, గ్యారంటీ రెండేళ్ళని చూశాను. దాని పక్కనే ఉన్న ఆ అంకె మాత్రం చూడలేదు.

మొదటి వారం మాత్రం పండగే. విస్టీరియా ఆకుల అంచుల్లో సన్నని బుడగలు పూసల్లా అంటుకుని, ఒక్కొక్కటే విడిపడి దారం కట్టినట్టు పైకి పోయేవి. ఆక్సిజన్ అది. ఆకు వదిలే ఆక్సిజన్ ఇక నీళ్ళలో కరగలేనంత అయినప్పుడు అలా బుడగలు కడుతుంది. పాప పుస్తకంలో చదివిన కిరణజన్య సంయోగక్రియ కళ్ళముందే జరుగుతోంది. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా తొట్టి ముందు నిలబడిన రోజులున్నాయి. అంత బాగుందని పొద్దున పూజ కాగానే వేసి, రాత్రి పడుకోబోయే ముందు ఆర్పేదాన్ని. పద్నాలుగు గంటలు.

రెండో వారంలో గాజు మీద పచ్చటి పొర. మూడో వారంలో ఆకుల చివర్ల నుంచి జుట్టులాంటి నాచు. గిన్నెలు తోమే పీచు చిక్కుపడినట్టు ఉండేది, లాగితే విస్టీరియా కొమ్మతో సహా వచ్చేది. ఆ తరువాత నీళ్ళే పచ్చబడ్డాయి. తొట్టిలోని గప్పీ చేపలు గాజు దగ్గరికి వస్తేనే కనబడేవి, వెనక్కి పోతే మాయం. వినాయక చవితికి వచ్చిన మా ఆడపడుచు తొట్టి చూసి, "నిమజ్జనం ఇందులోనే చేసేసినారా వదినా?" అని అడిగింది.

మా మామయ్యది పాకాల దగ్గర పల్లె. ఇప్పటికీ ఒకటిన్నర ఎకరంలో టమోటా పెడతారు. పండక్కి వచ్చిన ఆయన తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఫోకస్ లైటు కింద చెయ్యి పెట్టి చూశారు. "నారు పెట్టినప్పుడు వల ఎందుకు కప్పతామో ఎరుకేనా నీకు?" అన్నారు. ఎండకు మాడకుండా అన్నాను. "అంతే కాదమ్మా. ఎండ జాస్తి పెడితే నీళ్ళూ ఎరువూ గూడా ఆ లెక్కనే పెట్టాల. లేదంటే వల కప్పి నిదానంగా పెంచాల. నువ్వు ఎండ మాత్రమే పెట్టినావు, తతిమ్మా ఏం పెట్టలా."

నీళ్ళ తొట్టి పని ఆయనకేమీ తెలియదు. కానీ నేను రెండు నెలలుగా చూసిన వీడియోలన్నిటికంటే ఆ నాలుగు మాటలే నాకు బాగా ఎక్కాయి. మొక్కకు వెలుతురంటే పొయ్యి కింద మంట లాంటిది. మంట పెంచిన కొద్దీ ఎసరు తొందరగా ఇగురుతుంది. నా తొట్టిలో ఎసరే లేదు. ఆకు అన్నం వండుకోవడానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలోంచి నీటిలో కరిగేది లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే. సిలిండర్ పెట్టి ఎక్కించేవాళ్ళు దాన్ని 30 మిల్లీగ్రాముల దాకా తీసుకుపోతారు. అలాంటి తొట్టికి తగిన మంట నేను ఒట్టి గిన్నె కింద పెట్టాను. పెద్ద మొక్కలు తిండి చాలక ఆగిపోయాయి. కొంచెంతోనే బతకగలిగిన నాచు ఆ మిగిలిన వెలుతురంతా తిని బలిసింది.

ఈ మధ్యలో షాపతను ఇంకో మందు చెప్పాడు, నాచు తినే సక్కర్ చేపను వేసుకోమని. వేలెడంత పిల్ల, చూడటానికి ముద్దుగానే ఉంది. అది పెరిగితే అడుగు దాటుతుంది. అడుగు వెడల్పు తొట్టిలో అది వెనక్కి తిరగడం కూడా కష్టం. పెద్దదయ్యాక జనం చెరువులో వదిలేస్తారు. అలా వదిలినవే మన చెరువుల్లో, కాలువల్లో పెరిగి, వలలు చింపుతూ జాలర్లను ఏడిపిస్తున్నాయి. నా తొట్టి పాచికి చెరువును బలి పెట్టడం దేనికని వద్దన్నాను.

పచ్చ నీళ్ళకు మాత్రం నిజమైన మందు చీకటే. మూడు నాలుగు రోజులు వెలుతురు చొరకుండా కప్పేస్తే నీళ్ళలో తేలే నాచు చస్తుంది. నల్లగుడ్డ కప్పబోతే అత్తయ్య అడ్డం పడ్డారు, పండగ నెలలో ఇంట్లో నల్లగుడ్డ ఏందని. ముదురు నీలం దుప్పటికి రాజీ కుదిరింది. మూడు రోజులు తిండి పెట్టకపోయినా గప్పీలకేమీ కాలేదు. నాలుగో రోజు దుప్పటి తీస్తే నీళ్ళు మజ్జిగ తేటలా ఉన్నాయి. సగం తీసేసి కొత్తవి పోశాను. జుట్టు నాచు మాత్రం అలాగే ఉంది.

అక్టోబర్‌లో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి చెన్నై పోయాం. పెళ్ళి మరునాడు అందరూ టీ నగర్ అంటే నేను కొళత్తూరు అన్నాను. చేపలు పెంచేవాళ్ళకు కొళత్తూరు చూపించనక్కర్లేదు, వీధికి వీధి చేపల షాపులే. ఒక చిన్న షాపులో మొక్కలు మాత్రమే ఉన్నాయి. అక్కడున్న అబ్బాయికి తెలుగు సగం వచ్చు, నాకు తమిళం సగం వచ్చు. నా గోడు మొత్తం విని అతను అడిగిన మొదటి ప్రశ్న: "రోజుకు ఎన్ని గంటలు వెలిగిస్తారక్కా?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. పద్నాలుగు అన్నాను. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముందు టైమర్ కొని ఆరు గంటలకు దించండి, లైటు సంగతి ఆ తరువాత అన్నాడు. అప్పుడు తల పైకెత్తి చూశాను. అతని షాపులో ఇన్ని వందల మొక్కలు, నిమ్మపండు రంగు నుంచి ముదురు పచ్చ దాకా, మామూలు ట్యూబ్‌లైట్ల కింద ఉన్నాయి. ఇళ్ళల్లో వంటగదికి వేసుకునే ట్యూబులే. ఎర్ర మొక్కల తొట్టి ఒక్కటే వేరే. దానికి పెద్ద లైటు, పక్కన నిలబెట్టిన సిలిండర్. "లుడ్విజియా ఎర్రగా కావాలంటే ఇది, ఇది, రెండూ కావాలి" అని రెండు వేళ్ళతో చూపించాడు. మా ఇంట్లో వంటగ్యాసు సిలిండర్ మార్చేటప్పుడే నాకు సగం ప్రాణం పోతుంది. ఎరుపు మీద ఆశ అక్కడే వదిలేశాను. కర్రకు కట్టిన అనూబియస్ ఒకటి, జావా ఫెర్న్, వాలిస్నేరియా తీసుకున్నాను. అనూబియస్, జావా ఫెర్న్‌ల దుంప ఇసుకలో పూడ్చకూడదు, పూడిస్తే కుళ్ళుతుందని రెండుసార్లు చెప్పాడు. తడి పేపర్లో చుట్టి, కవర్లో పెట్టి, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో పెళ్ళి లడ్డూల సంచి పక్కన పెట్టుకుని తెచ్చాను.

తిరిగొచ్చాక అదే గాంధీ రోడ్డు షాపుకు పోయి, ఈసారి డబ్బాలన్నీ బల్ల మీద పరిచి చదివాను. రెండడుగుల ఎల్ఈడీ ట్యూబ్: 10 వాట్లు, 1000 ల్యూమెన్లు, 6500 కె. ధర 230 రూపాయలు. ఆ 6500 కె అనేది వెలుతురు రంగు. 3000 అయితే పసుపు, 4000 నడిమి, 6500 పగటి తెలుపు. మొక్కకు దీనితో పెద్ద పట్టింపు లేదు, మన కంటికే తేడా. 6500లో పచ్చ పచ్చగా, చేప రంగు చేప రంగుగా కనబడుతుంది.

ల్యూమెన్లను తొట్టి లీటర్లతో భాగిస్తే ఒక మోటు లెక్క వస్తుంది. లీటరుకు పది నుంచి ఇరవై ఉంటే అనూబియస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ లాంటి నిదానమైన మొక్కలకు చాలు. ఇరవై నుంచి నలభై అయితే చాలా రకాలు పెరుగుతాయి కానీ ఎరువు పెడుతూ ఉండాలి. నలభై దాటితే సిలిండర్ లేకుండా నాచు తప్పదు. నా ట్యూబ్ 1000ని 54తో భాగిస్తే పద్దెనిమిదిన్నర. ఫోకస్ లైటు 92. ఆ 92 చూసి షాపులోనే నవ్వొచ్చింది.

ఇది మోటు లెక్క అని ఎందుకంటున్నానంటే, ల్యూమెన్ మనిషి కన్ను కొలత. మన కంటికి పచ్చ బాగా ఆనుతుంది కాబట్టి పచ్చకు ఎక్కువ మార్కులు పడతాయి. అందుకే వంగపండు లైట్లకు ఈ లెక్క పనికిరాదు. మొక్కకు సరైన కొలత పార్ అంటారు, 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఆకు వాడుకోగల వెలుతురు. దాన్ని కొలిచే మీటరు ధర వింటే, తొట్టి, చేపలు, మూడు లైట్లు కలిపినా దానికి సరిపోవు. నేను ఫోన్లో లక్స్, అంటే ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో కొలిచే యాప్ వేసుకున్నాను. అది ఖచ్చితం కాదు కానీ, ఒకే ఫోన్‌తో రెండు చోట్ల కొలిచి పోల్చుకోవడానికి బాగుంటుంది. తెల్ల ఎల్ఈడీ అయితే లక్స్‌ను డెబ్భైతో భాగిస్తే పార్ దరిదాపుల్లోకి వస్తుంది.

చేపలను బకెట్లోకి మార్చి, తొట్టి ఖాళీ చేసి, ఇసుక కడిగి పరిచి, ఆ ఇసుక మీద ఫోన్ పెట్టాను. హాల్లో పగటి వెలుతురుకు 180. ఫోకస్ లైటు వేస్తే 10,500. కొత్త ట్యూబ్ వేస్తే మధ్యలో 2,200, మూలల్లో 1,300. పాప ఫోన్ పట్టుకుని మిట్టమధ్యాహ్నం మిద్దె మీదికి పరిగెత్తింది. అక్కడ లక్ష. మన కంటికి హాలు కూడా వెలుతురుగానే ఉంటుంది కదా, అంత తేడా ఉంటుందని ఆ అంకెలు చూసేదాకా నమ్మలేదు. 2,200ను డెబ్భైతో భాగిస్తే ముప్పై చిల్లర. నిదానమైన మొక్కలకు తగినంతే. మూలల్లో తక్కువ కాబట్టి అనూబియస్, జావా ఫెర్న్ మూలల్లో, విస్టీరియా, వాలిస్నేరియా మధ్యలో పెట్టాం. ట్యూబ్ తొట్టి పొడవుకు సరిగ్గా సరిపోయింది, రెండు చివర్లకూ ఒకేలా పడుతుంది. ఫోకస్ లైటు అలా కాదు, నడిమి మొక్క ఎండలో, పక్కవి నీడలో.

ఇంటి ట్యూబుకు తడి తగలకూడదు, అది నీళ్ళ మీద వేలాడదీసేందుకు చేసింది కాదు. తొట్టి మీద గాజు పలక మూతగా వేయించి, దానికి నాలుగంగుళాల పైన గోడకు చెక్క పట్టీ కొట్టించి ట్యూబ్ బిగించాం. వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక మంచి పని చేశాడు. వైరును సాకెట్ కంటే కిందికి వేలాడనిచ్చి మళ్ళీ పైకి తెచ్చి గుచ్చాడు. ఎప్పుడైనా నీటి చుక్క వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్‌లన్నీ ఆర్పాలని పాపకు ఒకటికి పదిసార్లు చెప్పాను.

తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి లోపల నీలం దీపం, దాని మీద పసుపు పూత అని ఆ రోజుల్లోనే చదివాను. ఆ నీలం ఎల్ఈడీని సాధించినందుకు 2014లో ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. వాళ్ళలో ఒకాయన హిరోషి అమానో. తొట్టిలో అడవిని దించినట్టు మొక్కలు పెంచే పద్ధతికి ప్రపంచమంతా తలుచుకునే జపాన్ ఆయన పేరు తకాషి అమానో. ఇద్దరూ ఒకరేననుకుని నేను రెండు రోజులు మా ఆయన దగ్గర గొప్పలు చెప్పాను. కాదట, వేరే వేరే మనుషులు.

టైమర్ 550 రూపాయలు, ట్యూబ్ ధరకు రెట్టింపు పైనే. గుండ్రటి చక్రం చుట్టూ పావుగంటకు ఒకటి చొప్పున 96 పళ్ళు. వెలగాల్సిన గంటలకు పళ్ళు నొక్కాలి. సాయంత్రం నాలుగు నుంచి పది దాకా, 24 పళ్ళు. పాప స్కూలు నుంచి, నేను ఆఫీసు నుంచి వచ్చేది ఆ వేళకే. మేము లేనప్పుడు వెలిగి ఎవరికి లాభం? చేపలకు, మొక్కలకు వెలుతురు ఏ ఆరు గంటలైనా ఒకటే.

నవంబర్‌లో తుఫాను పట్టింది. కపిలతీర్థం జలపాతం చూడటానికి ఊరంతా ఎగబడే రోజులవి, కరెంటు గంటల కొద్దీ పోయేది. ఒకరాత్రి పన్నెండు దాటాక అత్తయ్య నీళ్ళు తాగడానికి లేచి, హాల్లో తెల్లటి వెలుగు చూసి కేక పెట్టారు. దొంగలనుకుని మా ఆయన చీపురు పట్టుకుని వచ్చారు. తొట్టి లైటు ప్రశాంతంగా వెలుగుతోంది. చక్రం టైమర్ కరెంటు పోతే అక్కడే ఆగిపోతుంది, కరెంటు వచ్చాక మిగతాది నడుస్తుంది. ఆ రోజు మూడు గంటలు పోయింది కాబట్టి దాని దృష్టిలో ఇంకా రాత్రి తొమ్మిదిన్నరే. మర్నాడే దాన్ని ఇన్వర్టర్ లైనులో ఉన్న సాకెట్‌కు మార్చాను. పది వాట్లు ఇన్వర్టర్‌కు లెక్కలోది కాదు.

ఆరు గంటల లైటు, వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చడం. జుట్టు నాచు నెలన్నరలో తగ్గిపోయింది. మొదట గోధుమ రంగు దుమ్ము లాంటి పొర గాజుకు పట్టింది కానీ, ఇసుక కడిగి కొత్తగా పెట్టిన తొట్టిలో అది మామూలేనట. పాత ఏటీఎం కార్డుతో గీకేస్తే పోయింది, మళ్ళీ రాలేదు.

డిసెంబర్‌లో ఒక వింత. తొట్టి కుడిచివర గాజు మీద మాత్రమే పచ్చ చుక్కలు. ఎడమవైపు అద్దంలా ఉంది. లైటు ఒకటే, గంటలు అవే. ఒక ఆదివారం పదకొండింటికి తొట్టి ముందు కూర్చుంటే దొరికింది దొంగ. మా హాలు కిటికీ దక్షిణం వైపు. అన్న తొట్టి దించిన జూన్‌లో సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా పోతాడు, ఆ కిటికీలోకి ఎండ రాదు. మార్గశిరం వచ్చేసరికి దక్షిణానికి వాలి, రోజూ రెండు గంటలు తొట్టి చివర మీద పడుతున్నాడు. ఫోన్ పెట్టి చూస్తే 40,000 దాటింది. 2,200 లక్స్ ట్యూబుకు పళ్ళు లెక్కపెట్టి నొక్కుతూ, పక్కన ఇంత ఎండను ఊరికే వదిలేశాను. మందం తెర కట్టాం.

ఇంకొకటి మన ఊరి బోరు నీళ్ళది. గాజు మూత కింద ఆవిరి పట్టి ఆరి, పట్టి ఆరి, సున్నం వేసినట్టు తెల్లటి మచ్చలు కడతాయి. ఫిబ్రవరిలో విస్టీరియా సాగిలపడి, కణుపుకు కణుపుకు మధ్య దూరం పెరిగింది. వెలుతురు కోసం ఎగబాకుతోందన్నమాట. ట్యూబ్ పాతబడిందేమో అనుకున్నాను. మూత తీసి చూస్తే దాని వెనక నా వేళ్ళు మసకగా కనబడ్డాయి. పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది కడిగాను, వెలుతురు మళ్ళీ మామూలైంది. ఇప్పుడు నీళ్ళు మార్చే ఆదివారం నిమ్మకాయ పులిహోర చేస్తే రెండు పనులూ అయిపోతాయి.

మే నెలలో నీళ్ళు 33 డిగ్రీలకు పోయాయి. ఫోకస్ లైటు ఉండి ఉంటే ఏమయ్యేదో. గాజు మూత పక్కకు జరిపి, కంప్యూటర్‌లో ఉండే చిన్న ఫ్యాను నీటి మీదికి వీచేలా పెట్టాం, రెండు డిగ్రీలు దిగింది. రోజూ చెంబెడు నీళ్ళు ఆవిరయ్యేవి, పోస్తూ వచ్చాం.

కరెంటు లెక్క కూడా రాసి పెట్టాను, అలవాటు పోదు కదా. 50 వాట్లు పద్నాలుగు గంటలంటే నెలకు 21 యూనిట్లు. 10 వాట్లు ఆరు గంటలంటే రెండు కూడా కాదు.

బద్ధకం వల్ల బతికిన క్రిప్టోకోరైన్ ఇప్పుడు తొమ్మిది పిల్లలు పెట్టింది. విస్టీరియా కొమ్మలు పదిహేను రోజులకోసారి కత్తిరించి పక్కింటి వాళ్ళకిస్తున్నాను. లుడ్విజియా ఒక రెమ్మ మిగిలింది, పచ్చగా, చివర ఆకు ఒక్కటి మాత్రం కొంచెం రాగి రంగులో. ఇంకో ట్యూబ్ వేస్తే ఎర్రబడుతుందా అమ్మా అని పాప నెలకోసారి అడుగుతుంది. 2000ను 54తో నువ్వే భాగించి చెప్పు అంటే వెళ్ళిపోతుంది.

వంగపండు లైటు అటక మీద ఉంది. ఫోకస్ లైటు మామయ్య ఊరికి తీసుకుపోయి ఆవుల కొట్టంలో పెట్టించుకున్నారు. పోయిన వారం ఫోన్ చేసి, ఆవులు బాగున్నాయి, పురుగులే కొట్టం నిండా ముసురుతున్నాయి అని చెప్పి, "దీనికి గూడా పళ్ళు నొక్కే చక్రం ఒకటి పంపిస్తావా?" అన్నారు.